డాక్టరు గారు అనని మాట

చాలా ఏళ్ళుగా నా గుండెల మీద ఒక బరువుంది. ఈసీజీలో కనబడే బరువు కాదు. పైకి చూస్తే నేను మంచి అల్లుణ్ణి. మా ఆవిడ తరఫు చుట్టాలందరూ ఆ మాటే అంటారు. పెళ్ళిళ్ళకి వెళ్తే ముందు వరసలో కూర్చోబెడతారు. "మావయ్య ప్రాణం నిలబెట్టిన మనిషి" అని కొత్తవాళ్ళకి చూపిస్తారు. నేను తల దించుకుంటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

వినయం కాదు. భయం.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆవిడకి చెప్పలేకపోయాను. చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా "కాఫీ కావాలా" అంటుంది. కావాలంటాను. కాఫీతో పాటు ఆ మాట కూడా లోపలికి వెళ్ళిపోతుంది.

అప్పట్లో నేను రాయపూర్‌లో, భన్‌పురిలోని ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో గుమాస్తాని. కంపెనీకి దగ్గర్లోనే రెండు గదుల అద్దె ఇల్లు. నేనూ, మా ఆవిడ సుగుణా. పిల్లలు ఇంకా పుట్టలేదు. గోడకి అవతల దూబే గారూ, ఆయన భార్యా. దూబే గారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు. మంచి మనిషి, భారీ మనిషి. కుర్చీలోంచి లేస్తే కుర్చీ కూడా కాస్త దూరం ఆయనతో పాటు లేచేది.

ఆ ఇంటికి మా మావగారు వచ్చారు.

ఆయన పార్వతీపురం దగ్గర ఒక రైసుమిల్లులో సూపర్‌వైజరుగా చేసి మానేశారు. యంత్రాల మోత మీద వినబడేలా అరవడం ఆయనకి ఉద్యోగంలో భాగం. ఉద్యోగం మానేశారు గానీ అరుపు మానలేదు. "మంచినీళ్ళు" అని ఆయన మామూలుగా అడిగితే వీధి చివర రిక్షావాడు బ్రేకు వేసేవాడు. అత్తగారు పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. ఒకరోజు పాత స్నేహితుల్ని చూడ్డానికి వెళ్ళి మిల్లు గుమ్మంలో కళ్ళు తిరిగి పడ్డారట. బీపీ చాలా ఎక్కువగా ఉందన్నారట. సుగుణ కంగారుపడి ఇక్కడికి రప్పించింది. "ఇక్కడ మంచి డాక్టరు ఉన్నారు కదండీ, బీపీ తగ్గగానే వెళ్ళిపోతారు" అంది.

బీపీ తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? ఊరి నుంచి మూట కట్టి తెచ్చుకున్న ఉప్పుచేప రెండు పూటలా ఉండాల్సిందే. అది వేగుతుంటే పక్కింట్లో దూబే గారి భార్య కిటికీ తలుపులు వేసుకునేది. వేసుకుంటున్న చప్పుడు మాకు వినబడాలని గట్టిగా వేసుకునేది.

నా పేము కుర్చీ ఆయనదైపోయింది. నా రేడియో ఆయనదైపోయింది. నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని "అలగ నవిల్తే ఎప్పటికి అవుద్దండి అల్లుడు గారూ" అనేవారు. ఇవన్నీ ఓర్చుకున్నాను. నిజంగా ఓర్చుకున్నాను. కానీ ఒక ఆదివారం మా మేనేజరు అటుగా వెళుతూ టీకి ఆగాడు. మావగారికి హిందీ రాదు. అక్కడా ఇక్కడా విన్న నాలుగు ముక్కలు మాత్రం పట్టుకున్నారు. అల్లుణ్ణి పొగడాలని ఆయన ఉద్దేశం. ఇంటికొచ్చాక నేను అలిసి నిద్రపోతానని, అంత కష్టపడతానని చెప్పాలనుకున్నారు. చెప్పింది మాత్రం ఇది: "హమారా దామాద్... ఆఫీస్ మే... బహుత్ సోతా!"

మా అల్లుడు ఆఫీసులో బాగా నిద్రపోతాడు అని. ఆ గొంతుతో.

మేనేజరు టీ కప్పు పెట్టేసి నా వైపు చూశాడు. మర్నాటి నుంచి ఆఫీసులో గేటు దగ్గర చౌకీదారు కూడా నన్ను "నీంద్ పూరీ హుయీ, బాబూజీ?" అని పలకరించడం మొదలుపెట్టాడు. నిద్ర పూర్తయిందా అని. లారీ డ్రైవర్లు నా బల్ల దగ్గరికి వచ్చి, ముందు బల్ల మీద మెల్లగా తట్టి, తర్వాత మాట్లాడేవాళ్ళు.

ఆ కోపంతోనే ఆ వారం ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కోపమేనా? లేక అంతకంటే నీచమైనదేమైనా ఉందా? ఇన్నేళ్ళుగా తవ్వుకుంటున్నాను. ఇంకా అడుగు తగల్లేదు.

డాక్టరు గారు పెద్దాయన. ఇక్కడివారే. పెదవులు కదిలీ కదలనట్టు, గొణుగుతున్నట్టు మాట్లాడేవారు. ఆయన హిందీ నాకే కష్టంగా అర్థమయ్యేది. మావగారికి, ఆయనకి మధ్య నేనే వంతెన. బీపీ చూశారు. తల ఊపారు. మాత్రలు రాశారు. నాతో అన్నారు: "ఇన్‌సే కహియే, రోజ్ ధీరే ధీరే టహలే. దౌడ్‌నా బిల్కుల్ నహీ. నమక్ కమ్."

రోజూ మెల్లగా నడవమనండి, పరుగు మాత్రం అసలే వద్దు, ఉప్పు తగ్గించమనండి. ఇంతే ఆయన అన్నది.

"ఏటన్నాడండి డాక్టరు?" అన్నారు మావగారు.

నేను ఆయన మొహం చూశాను. పూర్తి నమ్మకంతో నా నోటి వైపు చూస్తున్నారు. ఆ నమ్మకం చూసైనా ఆగాల్సింది.

"పరిగెత్తాలట" అన్నాను.

అనేశాక నాకే ఆశ్చర్యం వేసింది. వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం ఉంది. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఆయన అడిగిన ప్రశ్న దాన్ని తినేసింది.

"ఈ వయసులోనా! ఎంత దూరవట?"

కిటికీలోంచి వీధిలో కరెంటు స్తంభాలు కనబడుతున్నాయి. "ఒక స్తంభం నుంచి పక్క స్తంభం దాకా ఊపిరి అందనంత జోరుగా పరిగెత్తాలట. అక్కణ్ణుంచి తర్వాతి స్తంభం దాకా మెల్లగా నడవాలట. మళ్ళీ పరుగు. మళ్ళీ నడక" అన్నాను. కిటికీలో స్తంభాలు కాక చెట్లు కనబడి ఉంటే ఏమనేవాణ్ణో.

మావగారు డాక్టరు వైపు గౌరవంగా చూసి, రెండు చేతులూ జోడించి, "అచ్ఛా! అచ్ఛా!" అన్నారు. డాక్టరు గారు సంతోషించారు.

దారిలో మిగతా మాటలు నిజాయితీగా చెప్పాను. మాత్రలు వేళకి వేసుకోవాలని, ఉప్పుచేప మానేయాలని. ఆయన రిక్షాలోనే ఆగ్రహించారు. "పరుగు మాట డాక్టరు అన్నాడు, నమ్ముతాను. ఈ సేప మాట మాత్రం ఆయన అనుండడు. ఇది మీరు కలిపీసేరు!"

అలా అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుని, నిజాన్ని నా మీదికి విసిరేశారు.

నేనేం ఆశించాను? ఆయన చనిపోవాలనా? కాదు. ఒట్టేసి చెబుతాను, కాదు. ఒక్కరోజు పరిగెత్తి, కాళ్ళు పట్టేసి, "ఈ ఊరూ ఒద్దు, ఈ వైద్యవూ ఒద్దు" అని రైలెక్కేస్తారనుకున్నాను. కానీ ఆ బీపీతో పరిగెత్తితే ఏమవుతుందో నాకు తెలుసా? తెలీదు. తెలీకుండానే ఒక మనిషి గుండెని ఆ స్తంభాల మధ్య పరిగెత్తించాను. తెలిసి చేసినదానికంటే ఇది తక్కువ తప్పా? నాకైతే అలా అనిపించదు.

మర్నాడు పొద్దున్నే పంచె ఎగ్గట్టి, బనీనుతో, నా క్యాన్వాసు బూట్లు వేసుకుని వీధిలో దిగారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన స్తంభాన్ని తాకి, "జై ఆంజనేయా!" అని అరిచి పరుగు తీశారు. భన్‌పురి రోడ్డు పక్కన లారీలు కడుగుతున్న క్లీనర్లు బాల్చీలు వదిలేసి చూశారు. "కాబర్ భాగత్ హస్, బబా? కోన్ దౌడావత్ హే?" అని ఛత్తీస్‌గఢీలో ఒకడు అరిచాడు. ఎందుకు పరిగెడుతున్నావు తాతా, ఎవరు తరుముతున్నారు అని.

తరుముతున్నవాణ్ణి నేనే. గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో టీ గ్లాసుతో.

ఇంటికొచ్చి అరుగు మీద వెల్లకిలా పడిపోయారు. మొహం దానిమ్మ గింజలా ఉంది. టీ గ్లాసు గుమ్మంలోనే పెట్టేసి దగ్గరికి వెళ్ళాను. సుగుణ విసనకర్ర తెచ్చింది. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, "బాగుందే" అన్నారు. మర్నాడు కాళ్ళు వంగలేదు. దొడ్డికి వెళ్ళి కూర్చున్నవారు లేవలేక లోపల్నుంచి అరిస్తే, నేనూ దూబే గారూ తలుపు మీద చెయ్యి వేసి, "కళ్ళు మూసుకునే వస్తాం" అని హామీ ఇచ్చి, లేవదీశాం. ఇక రైలే అనుకున్నాను. సంతోషించాను కూడా. ఈ మాట రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆయన రైలెక్కలేదు. నొప్పి తగ్గగానే మళ్ళీ వీధిలోకి దిగారు. కొన్నాళ్ళకి ఆ పడిపోవడం పోయింది. ఇంకొన్నాళ్ళకి వగర్పు తగ్గింది. పిక్కలు గట్టిపడ్డాయి. ఎంత గట్టిపడ్డాయంటే, ఇంటికొచ్చిన ప్రతివాడూ వాటిని నొక్కి చూడాలి. పాలవాడు నొక్కాడు. పోస్టుమాన్ నొక్కాడు. మళ్ళీ వచ్చిన మా మేనేజరు ముందు కూడా కాలు చాపి, "దబావ్!" అన్నారు. నొక్కు అని. నాకు జీతమిచ్చే మనిషి వంగి మా మావగారి పిక్క నొక్కి, "వాహ్" అన్నాడు. గ్యాసు సిలిండరు నేను దొర్లించుకుంటూ తెస్తుంటే ఆయన వచ్చి, నా చేతిలోంచి తీసి, భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన బీపీ చూసి, నమ్మకం కుదరక రెండో చేతికి కూడా పట్టీ చుట్టి చూశారు. బాగా దిగింది. "ధీరే ధీరే టహల్ రహే హై న?" అన్నారు. మెల్లగానే నడుస్తున్నారు కదా అని.

"జోరుగానే పరిగెడుతున్నారా అంటున్నారు" అన్నాను.

మావగారు గుండె మీద గుద్దుకుని, "బహుత్!" అన్నారు.

డాక్టరు గారు నా వైపు తిరిగి, మెల్లగా నడిస్తే ఎంత లాభమో చూశారా అన్నారు. చూశానన్నాను. మాత్ర మోతాదు కూడా తగ్గించారు. మాత్రల వల్ల తగ్గిందా, పరుగు వల్ల తగ్గిందా, రెండూ కలిసి పనిచేశాయా, నాకు ఇప్పటికీ తెలీదు. ఉప్పుచేప వల్ల మాత్రం కాదు. అది రెండు పూటలా నడుస్తూనే ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే దీన్ని నేను కూడా నవ్వుతూ చెప్పుకునేవాణ్ణేమో. ఆగలేదు. దూబే గారికీ బీపీ ఉంది. ఆయనకీ అదే డాక్టరు. పక్కింటి ముసలాయన సిలిండరు మోయడం చూసి ఆయనకి ఆశ పుట్టింది. "డాక్టర్ బోలా?" అని మావగారిని అడిగారు, డాక్టరు చెప్పాడా అని. "డాక్టర్ బోలా!" అని మావగారు గర్వంగా చెప్పారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ రెండు ముక్కలూ సరిపోయాయి. మర్నాటి నుంచి వీధిలో ఇద్దరు. ముందు పంచె, వెనక పైజామా.

నేను ఆపాల్సింది. ఒక్క మాట అంటే చాలు. కానీ దూబే గారితో ఆ మాటంటే మొదటి మాట బయటపడుతుంది. ఆయన పైజామా నాడా సరిచేసుకుంటూ నాకు చెయ్యి ఊపితే, నేనూ ఊపాను.

ఒక పొద్దున పరుగు మధ్యలో దూబే గారు ఒక స్తంభాన్ని కౌగిలించుకుని అలాగే కిందికి జారిపోయారు. పెదవులు తెల్లబడ్డాయి. ఆయన భార్య చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. రిక్షాలో ఆయన తల నా ఒళ్ళో ఉంది. మావగారు రిక్షా వెనకాలే క్లినిక్కు దాకా పరిగెత్తుకుంటూ వచ్చారు, ఎక్కడా ఆగకుండా. ఆ దారంతా నేను దేవుడితో మాట్లాడాను. ఈయన బతికితే అందరికీ నిజం చెప్పేస్తానని మాటిచ్చాను.

దూబే గారు బతికారు. ప్రాణానికి ప్రమాదం లేదని, కొన్నాళ్ళు మంచం దిగకూడదని అన్నారు. నేను మాట తప్పాను.

ఆయన్ని పడుకోబెట్టాక డాక్టరు గారు మా వైపు వచ్చారు. నేను, మావగారు, దూబే గారి భార్య నిలబడి ఉన్నాం. ఆయన మొదటిసారిగా నోరు పూర్తిగా తెరిచి మాట్లాడారు. "పరిగెత్తమని ఈయనకి ఎవరు చెప్పారు?" దూబే గారి భార్య మావగారిని చూపించింది. మావగారికి ప్రశ్న అర్థం కాలేదు. "ఏటంటన్నాడండి?" అన్నారు.

నేను డాక్టరు వైపు తిరిగాను. "సాబ్, ఇన్‌కో హిందీ నహీ ఆతీ. గలత్ సమఝ్ గయే" అన్నాను. ఈయనకి హిందీ రాదండి, తప్పుగా అర్థం చేసుకున్నారు అని.

డాక్టరు గారు మావగారిని తిట్టడం మొదలుపెట్టారు. చాలాసేపు తిట్టారు. ఒక మనిషిని చంపేవాడివన్నారు. బుద్ధి లేదన్నారు. మావగారు నా చెయ్యి గిల్లారు. "ఏటంటన్నాడు, సెప్పండి మరి!"

"దూబే గారిది మెత్తని శరీరమట. మీది గట్టి శరీరమట. మీలా అందరికీ సాధ్యం కాదంటున్నారు."

మావగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు గారికి వంగి దణ్ణం పెట్టి, "ధన్యవాద్, ధన్యవాద్" అన్నారు. డాక్టరు గారు తిట్టడం ఆపేశారు. దూబే గారి భార్య మావగారిని పురుగుని చూసినట్టు చూసింది. ఇన్నేళ్ళలో ఈ దృశ్యం తలుచుకుని ఎన్నోసార్లు నవ్వొచ్చింది. ఒక్కసారి కూడా నవ్వు చివరిదాకా సాగలేదు.

భయం పుట్టింది కాబట్టి ఆ సాయంత్రం, ఇక మీదట నడిస్తే చాలని డాక్టరు అన్నారని మావగారికి చెప్పాను. నిజమైన మాట, ఎట్టకేలకి. ఆయన చూపుడు వేలు ఊపారు. "ఈ మాట ఆయన అనుండడు. మీకు బయమేసి మీరంటన్నారు." మర్నాడు యథాప్రకారం "జై ఆంజనేయా".

కానీ వీధి మారిపోయింది. మద్రాసీ ముసలాడు డాక్టరు నడవమంటే పరిగెత్తమన్నాడనుకుని దూబే గారి ప్రాణం మీదికి తెచ్చాడని అందరికీ తెలిసిపోయింది. ఒక్క ఆయనకి తప్ప. పాలవాడు పిక్క నొక్కడం మానేశాడు. సుగుణతో దూబే గారి భార్య మాటలు మానేసింది. మా నాన్నకి హిందీ రాకపోతే ఆయన తప్పా అని సుగుణ ఏడ్చింది. నేను ఓదార్చాను. ఎంత బాగా ఓదార్చానో!

మావగారు బత్తాయిలు కొనుక్కుని దూబే గారిని చూడ్డానికి వెళ్ళారు. గుమ్మంలోంచే పంపించేశారు. ఆ సంచీ అలాగే పట్టుకుని వచ్చి, ఇప్పుడు నాది కాని నా పేము కుర్చీలో కూర్చున్నారు. మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడడం విన్నాను.

"నాను ఆల్లకేటి సేసేనండి అల్లుడు గారూ? ఎందుకు మాటాడరు?"

చెప్పాల్సింది అప్పుడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. తెలుగులోనే అడిగారు. "ఇక్కడివాళ్ళు అంతే లెండి" అన్నాను. నా తప్పుకి ఒక ఊరినంతటినీ అడ్డం పెట్టాను.

కొన్నాళ్ళకి ఆయనే సామాను సర్దుకున్నారు. "మాటాడ్డానికి మనిషి లేడు బాబూ" అన్నారు. నేను కోరుకున్న రైలు వచ్చింది. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "మీరు ఆ డాక్టరుకి సూపించబట్టి బతికీసినాను" అన్నారు. రైలు కదిలింది. ఇంటికొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కూర్చోలేకపోయాను.

ఆయన అక్కడ కూడా పరిగెత్తారు, చాలా ఏళ్ళు. రాయపూర్ డాక్టరు చెప్పాడని ఊరంతా చాటారు. ఎవరైనా ఆ మాట విని పరిగెత్తి పడిపోయారేమోనని ప్రతి ఉత్తరానికీ భయపడేవాణ్ణి. అలాంటి కబురేదీ రాలేదు. చివరికి ఆయన మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, నిద్రలోనే వెళ్ళిపోయారు. దినకర్మలో సుగుణ అందరికీ నన్ను చూపించి, "ఈయన దగ్గరుండి చూపించబట్టే నాన్న ఇన్నేళ్ళు ఉన్నాడు" అంది. తల దించుకున్నాను.

ఈమధ్య ఏదో వారపత్రిక ఆరోగ్యం పేజీలో రాశారు. కాసేపు జోరుగా, కాసేపు నెమ్మదిగా చేసే వ్యాయామం కండరాలకి బలమట, రక్తపోటు తగ్గడానికీ సాయపడుతుందట, అయితే వైద్యుడి సలహా లేకుండా చేయకూడదట. సుగుణ చదివి, "చూశారా, మన డాక్టరు అప్పుడే చెప్పారు!" అంది. వైద్యుడి సలహా అన్న చోట నా కళ్ళు ఆగిపోయాయి. మేలు జరిగితే తప్పు తప్పు కాకుండా పోతుందా? ఆయన బలపడడం ఆయన కాళ్ళ గొప్పతనం. దూబే గారు స్తంభం పట్టుకుని జారిపోవడం నా మాట గొప్పతనం.

డాక్టరు గారు లేరు. మావగారు లేరు. దూబే గారున్నారు. సన్నబడ్డారు, మెల్లగా నడుస్తారు, ఇప్పటికీ నలుగురూ చేరితే, నడవమంటే పరిగెత్తమన్నట్టు వినబడిన చెవిటి మద్రాసీ కథ చెప్పి కడుపుబ్బ నవ్విస్తారు. నన్ను సాక్షిగా పిలుస్తారు. నేను వెళ్ళి పక్కన నిలబడి నవ్వుతాను. మావగారు చెవిటివారు కారు. ఆ ఒక్క మాటైనా ఇంతవరకు అనలేకపోయాను.

ఈ తెలుగు రాత దూబే గారు చదవలేరు. ఎవరైనా హిందీలో చెప్పాలి. చెప్పాల్సింది ఎవరో నాకు తెలుసు, ఆ మనిషిలో ఎంత ధైర్యముందో కూడా తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. కాకపోతే ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, ఏమీ మార్చకుండా చెప్పాలనిపించింది. చెబుతున్నాను.

నడవమన్నది డాక్టరు గారు. పరిగెత్తమన్నది నేను.